నందికొండ: నీటిపై నొక గడియారము

నల్లగొండ మండలమునకు దక్షిణపుటెల్లగా కృష్ణానది పాఱుచున్నది. ఆ నది కొండల నడుమ నొదిగి సాగుచోట నెడమయొడ్డున నున్నది నందికొండ. ఈ పేరు విన్నంతనే “అదెక్కడి యూరు?” అని కొందఱు సోదరీమణు లడుగుదురు. నాగార్జునసాగరమన్నచో నెఱుగనివారుండరు. ఆ మహాజలాశయమునకు మొదట వాడుకలో నున్నపేరు నందికొండ ప్రాజెక్టే. ఇప్పుడు హిల్ కాలనీ, పైలాన్ కాలనీ మొదలగు పేటలతో నందికొండ యొక పురపాలక పట్టణమైనది.

హైదరాబాదునుండి ఇబ్రహీంపట్నము, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూరల మీదుగా నిచ్చటికి సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణము. దారిపొడుగున ఎఱ్ఱని చెలకలు, ఏనుగులు పండుకొన్నట్లు గుండ్లు, నడుమ నడుమ బత్తాయితోటలు. నీటికై మొగము వాచియున్న ఈ మెట్టభూమిని దాటి, కొండమలుపు తిరుగగానే, ఒక్కసారిగా కన్నులయెదుట సముద్రమువంటి నీరు నిలిచియుండుట మిక్కిలి యాశ్చర్యకరము.

ఈ యానకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. ఎత్తు ఇంచుమించు 124 మీటర్లు; తలుపులు 26. దీని ప్రధానమైన గోడ రాతికట్టడము. వేలకొలది స్త్రీపురుషులు రాళ్లు మోసి, సున్నపుగమేళ్లవలె సిమెంటుగమేళ్ల నందిచ్చి, దీనిని లేపిరి. ఎడమదిక్కున లాల్ బహదూర్ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు, ఖమ్మము ప్రాంతములకును, కుడిదిక్కున జవహర్ కాలువ గుంటూరు, ప్రకాశము సీమలకును నీరిచ్చుచున్నవి. మన వంటయింటి బియ్యములో ఎన్ని గింజలీ నీటివో చెప్పలేము.

ఆనకట్టను జూచిన పిమ్మట నాగార్జునకొండకు లాంచిలో బోవుట యాత్రికుల యాచారము. కొండ యిప్పుడు ద్వీపము. ఇంచుమించు గంటసేపు నీటిపై ప్రయాణము. మాతో వచ్చిన మా మరిది విదేశమున నుద్యోగము చేయువాడు. లాంచి కదలినంతనే యతడు కమ్మీమీదికి వంగి, నీటి తుంపరలలో చేయి చాచెను. ముంజేత గడియారము మెఱయుచున్నది. “అయ్యో, గడియారము తడియును!” అంటిని. అతడు నవ్వి, “ఇది తడియుటకే పుట్టినది, వదినా!” అని దానిని విప్పి నా చేతి కిచ్చెను. దారిపొడుగునను నేను చూచినది సగము నీటిని, సగము దానిని.

అది స్విట్జర్లాండుదేశమున ఒమేగావారు చేసిన సీమాస్టర్ డైవర్ 300ఎమ్ అనునది. నీటిలో మునుకవేయువారికై చేసిన గడియారము. ఈ రకము మొదట 1993లో వెలువడెను. నేను చూచినది 2018లో మార్చి వెలువరించిన రూపము. వెడల్పు 42 మిల్లీమీటర్లు. అరచేత నుంచుకొన్నచో కుంకుమభరిణె మూతవలె నున్నది. ముఖము ముదురు నీలము. అది లోహపురేకు కాదు. పింగాణిజాతికి చెందిన గట్టి పదార్థము. దానిపై అలలు వరుసలుగా లేజరు కిరణముతో చెక్కబడినవి. చేయి కొంచెము వంచినచో ఆ యలలలో ఒకటి వెలుగును, ఒకటి చీకటిపడును. అప్పుడే లాంచి వెనుక చీలిపోవుచున్న కృష్ణ యలలను జూచి, మరల నీ యలలను జూచితిని. ఇవి కదలవు, అయినను కదలుచున్నట్లే యుండును.

ఆ ముఖముపై వ్రాత తక్కువ. అంకెలకు మాఱుగా తెల్లని గుర్తులు. పండ్రెండుకడ జంటగుర్తు, మూడుకడను తొమ్మిదికడను పొడుగుపాటి గుర్తులు, ఆఱుకడ తేదీ తెలుపు చిన్న కిటికీ, తక్కినచోట్ల గుండ్రని చుక్కలు. ఇది సొగసుకొఱకే చేసినారని మొదట ననుకొంటిని. కాని నీటిలోపల వెలుతురు క్షీణించును. తల క్రిందుపడి మీదిదేదో క్రిందిదేదో తెలియనంత కలవరము గలుగవచ్చును. అప్పుడు చుక్కలన్నియు నొక్కతీరున నున్నచో పండ్రెండేదో ఆఱేదో యెట్లు తెలియును? అందుచే దిక్కునకొక యాకారము. ముగ్గు వేయుటకు ముందు నాలుగు మూలలయందును పెద్దచుక్కలు పెట్టుకొను స్త్రీలకు ఈ మర్మము వేఱుగ బోధింప బనిలేదు.

ముఖము చుట్టును గాజువలె నొక వలయము కలదు. వర్తకులు దానిని బెజెల్ అందురు. దాని యంచు పువ్వుఱేకులవలె నొక్కులు నొక్కులుగా నున్నది. అదియు తడిసిన వ్రేళ్లకు, తొడుగు వేసికొన్న వ్రేళ్లకు పట్టు దొరకుటకే. వలయముపై పది, ఇరువది మొదలు ఏబదివఱకు అంకెలు. శిరఃస్థానమున నొక చుక్క. వ్రేళ్లతో త్రిప్పినచో కిటకిటమనుచు తిరుగును. అయితే యొకే దిక్కునకు తిరుగును. గడియారపు ముళ్లు ప్రదక్షిణముగా పోవుచుండగా, ఈ వలయ మప్రదక్షిణముగా మాత్రమే కదలును. ఎదురుదిక్కునకు ఎంత త్రిప్పినను కదలదు. ఇందులోనే యీ గడియారపు ధర్మమంతయు నిమిడియున్నది.

మునుకవేయువాడు వీపున గాలిసీసాను ధరించి దిగును. ఆ గాలి పరిమితము. పది మీటర్ల లోతున నీటి యొత్తిడిచే గాలి ఖర్చు రెట్టింపగును. ఇంకను లోతునకు బోయినకొలది ఇంకను హెచ్చును. పైకి వచ్చుటయు తొందరగా కూడదు, మెల్లమెల్లగా రావలెను. కావున దిగి యెంతసేపైనదో తెలియుట వానికి ప్రాణముతో సమానము. నిమిషముల ముల్లు నాలుగవ గుర్తుకడ నున్నప్పుడు దిగెననుకొందము. వలయముపై చుక్కను త్రిప్పి యా ముల్లున కెదురుగా నుంచును. ముల్లు ఎనిమిదవ గుర్తునకు వచ్చునప్పటికి దాని కెదురుగా వలయముపై 20 అను అంకె నిలుచును. లెక్క వేయ బనిలేదు. ఇరువది నిమిషములైనదని కంటికే కనబడును.

ఇక వలయము రాతికి తగిలి కదలెననుకొందము. అప్రదక్షిణముగా మాత్రమే కదలగలదు గనుక, చుక్క వెనుకకు జరుగును. ఇరువదికి బదులు ఇరువదియైదో ముప్పదియో చూపును. మునిగినవాడు కాలము మించినదనుకొని ముందుగానే పైకి వచ్చును. నష్టము నాలుగు నిమిషముల వేడుక మాత్రమే. అదియే రెండువైపుల తిరుగునదైనచో ఇరువది నిమిషములైనను పదియే యని చూపవచ్చును. అప్పుడు నష్టము ప్రాణము. తొలినాటి కొన్ని గడియారములలో వలయ మిరువైపుల తిరుగుచుండెడిది. పిమ్మట నేర్పరు లాలోచించి, తప్పు జరుగకుండ జేయుట యసాధ్యమని యెఱిగి, జరిగిన తప్పు మేలువైపునకే జరుగునట్లు చేసిరి. ఇంతటి యోచన యొక చిన్న వలయమున నుండుట నాకు మిగుల నచ్చినది.

ఈ విధమైన గడియారములు పుట్టుటకును ఒక ప్రాణభయమే కారణము. బ్లాంక్‌పాన్ అను గడియారముల సంస్థకు అధిపతియైన జాన్ జాక్ ఫీష్టేర్ మునుకవేయుటయందు మక్కువ గలవాడు. ఒకమాఱు ఫ్రాన్సు దక్షిణతీరమున నీటిలో కాలము మఱచి, గాలి యయిపోయి, ప్రాణాపాయమునుండి బయటపడెను. ఫ్రెంచి నౌకాదళపు ఈతగాండ్రకు నాయకుడైన రాబర్ట్ మలూబియే కూడ నల్లని ముఖము, స్ఫుటమైన గుర్తులు, చుట్టును తిరుగు వలయము గల గడియారము కావలెనని కోరెను. 1953లో ఆ సంస్థవారు దానిని చేసి, ‘ఫిఫ్టీ ఫాదమ్స్’ అని పేరిడిరి. ఫాదమనగా రెండు చేతులు చాచిన పొడవు, మన బారయే. ఏబది బారల లోతని ఆ పేరున కర్థము. ఆ సంవత్సరమే రోలెక్సువారి సబ్‌మెరైనరును రూపొందినది. నేడు విలాసవస్తువులని చెప్పబడు నీ గడియారముల రూపమంతయు ఆ కాలపు అవసరమునుండి వచ్చినదే.

గడియారమును నీటిని విడదీయుట ఈ కాలపుమాట గాని, మన పూర్వులకు నీరే గడియారము. గడియారమను మాట ఘటికనుండి వచ్చినది. అడుగున సన్నని బెజ్జముగల రాగిగిన్నెను నీటిపై నుంచినచో, మెల్లగా నీరెక్కి యొక గడియకు, అనగా 24 నిమిషములకు, మునుగును. అహోరాత్రమున నది 60 మాఱులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. అదియు మునుగుటవలననే కాలము తెలుపును. ఇదియు మునిగినవానికే కాలము తెలుపును. అయితే దానికి బెజ్జమే ప్రాణము. దీనికి బెజ్జమే మృత్యువు. మన పెద్దలు ప్రయాణములలో మంచినీళ్లు తీసికొనిపోయిన మరచెంబును తలంచుకొనుడు. మూత మర తిరిగి బిగియుటచే నీరు బయటికి రాదు. ఈ గడియారమునకు ప్రక్కనుండు కీలుబుడిపెయు నట్లే మర తిరిగి బిగియును. బయటి నీరు లోనికి రాదు.

భాస్కరాచార్యుని లీలావతికథ మనలో ననేకు లెఱిగినదే. ఆమె వివాహముహూర్తము తెలియుటకై నీట గిన్నె నుంచగా, ఆమె వంగి చూచుచుండ నగలోని ముత్య మొకటి జాఱి బెజ్జమును మూసెననియు, గిన్నె మునుగక ముహూర్తము దాటిపోయెననియు చెప్పుదురు. ఇది 1587లో ఫైజీ చేసిన పారసీకానువాదమున గానవచ్చు కథ. చరిత్ర యని నమ్మ బనిలేదు. అయినను దానిలో నొక సత్యము కలదు. ఆ గిన్నె తప్పినది. తప్పుట ఆలస్యమువైపునకు తప్పినది. గడచిన కాలమును గడవలేదని చూపినది. వలయమును ఒకేవైపు తిరుగునట్లు చేసినవారు ఈ కథ విన్నారో లేదో గాని, లీలావతి కన్నీటికి సమాధానము చెప్పినట్లే యున్నది.

లాంచిలో ఎండ మెండు. చీకటిలో నా గడియార మెట్లుండునో చూడవలెనని చెఱగు మడచి దానిపై కప్పి, లోనికి తొంగిచూచితిని. గంటల ముల్లు, సెకండ్ల ముల్లు, చుక్కలు మిణుగురులవలె నీలముగా వెలుగుచున్నవి. నిమిషముల ముల్లు, వలయముపై చుక్క, ఈ రెండు మాత్రము పచ్చగా నున్నవి. మునిగినవానికి ముఖ్యముగా కావలసినవి యీ రెండే గదా! మునుకగడియారములకు ఐఎస్ఓ 6425 అను అంతర్జాతీయ నియమ మొకటి కలదు. కనీసము నూఱు మీటర్ల లోతుకు తాళవలెను. చీకటిలో ఇంచుమించు జానెడు దూరమునుండి కాలము తెలియవలెను. గడియారము నడచుచున్నదో యాగినదో కూడ చీకటిలోనే తెలియవలెను. సెకండ్ల ముల్లుపై వెలుగుచుక్క పెట్టుట యందులకే.

ఈ వెలుగునకు వెనుక స్త్రీలు మఱవరాని చరిత్ర యొకటి కలదు. పూర్వము గడియారపు ముఖములకు రేడియము కలిపిన రంగు పూయుచుండిరి. అమెరికాలో 1917 మొదలు నూఱులకొలది యువతు లీపనికి కుదిరిరి. కుంచెమొన సన్నగా నుండుటకై పెదవులతో తడిపికొనుమని వారికి నేర్పిరి. రేడియ మెముకలలో చేరి, దౌడలు పుచ్చి, పెక్కండ్రు మరణించిరి. న్యూజెర్సీలోని అయిదుగురు స్త్రీలు యజమానులపై వ్యాజ్యము వేసి 1928లో పరిహారము పొందిరి. శ్రామికుల రక్షణకై తరువాత వచ్చిన నియమములకు వారి పోరాటమును కారణమైనది. నేటి గడియారములలో రేడియము లేదు. పగటి వెలుతురు త్రాగి రాత్రి వెలిగెడు నిరపాయమైన పదార్థమును 1990ల పిమ్మట వాడుచున్నారు. చెఱగుక్రింద నా పచ్చని చుక్కను జూచినప్పుడు, అందమైన వస్తువును మెచ్చుకొనునపు డది యెవరిచేతిమీదుగా వచ్చినదో కూడ నడుగవలెనని తోచినది.

ఇంతలో కొండ సమీపించెను. మా లాంచిక్రింద నొక నగరము మునిగియున్నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకురాజులు విజయపురి యను పేర నిచ్చట రాజ్యమేలిరి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను నుపాధ్యాయుడు ప్రాచీనస్తంభమును గుర్తించి ప్రభుత్వమునకు తెలిపెను. బడిపంతులింటిదానను గనుక ఈ మాట విన్నప్పుడు నాకు గలిగిన సంతోషము వ్రాయక మానలేను. పిమ్మట లాంగ్‌హర్స్టు 1927 మొదలు త్రవ్వించెను. ఆనకట్ట నిశ్చయమైన పిదప ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954నుండి 1960వఱకు లోయయంతయు త్రవ్వి పరిశీలించిరి.

కొండపై తిరిగి పేర్చిన స్తూపముల పునాదులను జూచినంతనే గడియారపు ముఖమే మరల జ్ఞప్తికి వచ్చెను. నడుమ కుండ, చుట్టు ఆకులు, వాని చివర వలయము: బండిచక్రమువలె కట్టిన పునాదులవి. చక్రపు గదులలో మన్ను నింపి పైన గుమ్మటము లేపిరి. పెద్దస్తూపములకు నాలుగు దిక్కులను ఆయకవేదికలు. వేదికకు అయిదేసి స్తంభములు. ప్రదక్షిణము చేయు భక్తునికి తానే దిక్కున నున్నాడో అవి చెప్పుచుండెడివి. మహాచైత్యమును చాంతమూలమహారాజు సోదరి చాంతిసిరి నిర్మింపజేసినదని దాని స్తంభములమీది శాసనములే చెప్పుచున్నవి. స్త్రీ పేరు రాతిపై పదునేడు శతాబ్దులు నిలిచినది. ఒకదానిని జూచి మఱియొకటి చేసినారని నేను చెప్పుట లేదు. గుండ్రని వస్తువునకు మొదలు తుద లేవు. కన్ను దానిలో దారి తప్పును. కావున దిక్కులకు గుర్తులుంచుట శిల్పికిని గడియారపు పనివానికిని ఒక్కటే యవసరము.

మఱియొక పోలికయు కలదు. నీరు ముంచునని తెలిసిన దినమున త్రవ్వకపువారి గడియారమున వలయము త్రిప్పినట్లయినది. ఆఱేండ్ల గాలి మాత్రమే యున్నది. ఆ గడువులో కొన్ని కట్టడములను విప్పి, రాతిపై రాయిగా కొండమీదను, కుడియొడ్డున అనుపువద్దను తిరిగి నిలిపిరి. శిల్పములను కొండమీది వస్తుప్రదర్శనశాలలో చేర్చిరి. తేలేనివానికి కొలతలు వ్రాసికొని, బొమ్మలు గీసికొని, నీటికి వదలిరి. లోయలోని పల్లెలవారును తమ యిండ్లను, పొలములను విడిచి లేచిపోయిరి. వారి యిండ్ల నెవరును కొండపై తిరిగి పేర్చలేదు. పచ్చని వరిపొలములను మెచ్చుకొనువారు ఈ లెక్కనుకూడ మఱువరాదు.

ఇట్టి గడియారమునకు వెల లక్షలలో నుండును. నేడు నిజముగా మునుకవేయువారు ముంజేతికి కట్టుకొను చిన్న కంప్యూటరు లోతును, కాలమును, పైకి వచ్చు వేగమును అన్నిటిని చెప్పుచున్నది. మఱి యీ వలయమెందులకు? మా మరిది నడిగితిని. “కంప్యూటరునకు తోడుగా ఇదియు నుంచుకొనువారు కలరు. నేను మాత్రము ఈత కొలనులో దిగినదే గాని సముద్రమున మునిగినది లేదు, వదినా!” అని యతడు నిజము చెప్పెను. వృథావ్యయమని నేనతనిని మందలింప లేదు. పెట్టెలో దాచిన నగలు గల మనము వెలమాట ఎత్తుట న్యాయము కాదు. అయినను ఆ వస్తువు నిజముగా నందమైనది వెలవలన కాదు. నొక్కునకు, చుక్కకు, రంగునకు, తిరుగు దిక్కునకు ఒక కారణము కలదు. ఆ కారణ మొక మనుష్యుని యూపిరి. వెలలేని కవ్వమునందును, మరచెంబునందును ఇట్టి యందమే యున్నది. కారణ మెఱిగి చూచువారికి రెండును ఒక వరుసలోనివే.

పోదలచు సోదరీమణులకు రెండు మాటలు. వరద హెచ్చి తలుపులెత్తు దినములలో ఆనకట్ట దృశ్య మద్భుతము. సామాన్యముగా నది శ్రావణభాద్రపదములలో నుండును. లాంచి నడచుట నీటిమట్టమును, గాలిని బట్టి యుండును గనుక ముందుగా విచారించుకొనవలెను. ప్రదర్శనశాల శుక్రవారము మూసియుండును. కొండపై నీడ తక్కువ. మంచినీరు వెంట నుంచుకొనుట మేలు. ఒడ్డున మెట్లు పాచిపట్టి జాఱును. మెట్టు దాటినచో లోతెంతో కంటికి తెలియదు. అచ్చట గడియారమున్నను లేకున్నను పిల్లల చేయి విడువకుడు.